నిగ్రహమూ విశ్వాసమూ నాయకత్వానికి అడ్డు కావు

కొత్తగా బృంద బాధ్యత తీసుకున్న మీరు, స్టోయిక్ నిగ్రహం (ఉద్వేగాలను వివేకంతో అదుపు చేసుకోమనే ప్రాచీన గ్రీకు తత్త్వ సాధన) పాటిస్తే సహచరులు మిమ్మల్ని మనసు లేనివారిగా చూస్తున్నారనీ, దైవంపై భారం వేస్తే నిర్ణయాలు వాయిదా పడుతున్నాయనీ రాశారు. ఫలితాన్ని మాత్రమే వదలవలసిన చోట మీరు ప్రయత్నాన్ని కూడా వదులుతున్నారని నాకు అనిపిస్తోంది.

బానిస జీవితం గడిపి స్టోయిక్ తత్త్వబోధకుడైన ఎపిక్టెటస్, మన అధీనంలో ఉన్నవాటినీ లేనివాటినీ వేరుచేయమన్నాడు. నిర్ణయం మొదటి కోవకే చెందుతుంది.

క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోమ్‌ను పాలించిన స్టోయిక్ చక్రవర్తి మార్కస్ అరీలియస్‌ను చూడండి. మహమ్మారి, సరిహద్దు యుద్ధాలు చాలవన్నట్లు, 175లో ఆయన సేనాని అవిడియస్ కాసియస్ తానే చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. మార్కస్ అతణ్ణి ఎదుర్కోవడానికి సిద్ధమయ్యాడు. అయినా కాసియస్ సొంత మనుషుల చేతిలోనే హతుడైనప్పుడు, క్షమించే అవకాశం చేజారినందుకు చింతించాడని చరిత్రకారులు రాశారు. ఆయన అదుపులో పెట్టింది కోపాన్నే గాని కరుణను కాదు. మీ సహచరులు కోరుకుంటున్నదీ ఆ కరుణనే. వారి కష్టం విన్నప్పుడు మీకు కలిగిన బాధను దాచకండి.

విశ్వాసం విషయానికి వస్తే, స్టోయిక్కులు కూడా విశ్వాన్ని నడిపే దైవిక వివేకాన్ని నమ్మినవారే. నిర్ణయానికి ముందు ప్రార్థన మీ స్వార్థాన్నీ భయాన్నీ పరీక్షించడానికి, తరువాత ఫలితాన్ని స్వీకరించడానికి ఉపయోగపడాలి. కాబట్టి వాయిదా పడిన ప్రతి నిర్ణయానికీ ముందుగానే గడువు పెట్టి, ప్రార్థన ముగిసినా ముగియకపోయినా, ఆ గడువు నాటికి కారణాలతో సహా బృందానికి తెలియజేయండి.