రొయ్యల గుంటలో సెన్సర్‌కు పాకుడు పట్టకుండా నానో కోటింగ్ ఆపుతుందా?

ఇందుకూరుపేట వైపు మీ వెనామీ రొయ్యల గుంటలో డీవో మీటర్ (నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చూపేది) సెన్సర్ మూతికి పాకుడు పట్టి రీడింగ్ తప్పుతోందని, ఎవరో నానో కోటింగ్ సీసా అమ్ముతున్నారని, కొనవచ్చా అని అడిగారు.

కొనకండి. అలాగని ఆ సైన్సు అబద్ధం కాదు. మాది కొత్తపట్నం, నేను పని చేసేది పాలిమర్ పూతల మీదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నీళ్లలో ఏది ముంచినా నిమిషాల్లో ప్రొటీన్లలాంటివి పలచగా అంటుకుంటాయి. వాటి మీద బ్యాక్టీరియా, ఆ తర్వాత నాచు చేరతాయి. రాత్రిపూట ఆ పాకుడే ఆక్సిజన్ పీల్చేస్తుంది కాబట్టి మీటర్ గుంటలో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. తెల్లవారుజామున ఏరేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) టెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఆ తేడా చిన్నది కాదు.

మేం ఆపాలనుకునేది ఆ మొదటి పొరనే. గాజును ప్లాస్మాతో (విద్యుత్తుతో ఆవేశం పొందిన వాయువుతో) శుభ్రం చేసి, బ్రోమిన్ ఉన్న సిలేన్ (గాజును పట్టుకునే సిలికాన్ రసాయనం) అణువులను దానికి రసాయన బంధంతో అతికిస్తాం. తర్వాత మోనోమర్ (ఒకదానికొకటి కలిసి పాలిమర్ గొలుసయ్యే చిన్న అణువులు) ద్రావణంలో, గాలి తగలకుండా, రాగి ఉత్ప్రేరకంతో ఆ అణువుల నుంచే పాలిమర్ గొలుసులు పెంచుతాం. 1995లో వచ్చిన ఏటీఆర్‌పీ (అటామ్ ట్రాన్స్‌ఫర్ రాడికల్ పాలిమరైజేషన్) పద్ధతి ఇది. గొలుసులు కిక్కిరిసి మొలిస్తే పక్కకు వాలే చోటు లేక, ఒత్తుగా నాటిన వరిలా నిటారుగా లేస్తాయి. మందం కొన్ని పదుల నానోమీటర్లే. ఆ గొలుసులకు మేం వాడే సల్ఫోబీటైన్ అనే పదార్థంలో ప్లస్, మైనస్ రెండు ఆవేశాలూ ఉంటాయి, నీటిని గట్టిగా పట్టుకుంటాయి. ప్రొటీన్ అంటుకోవాలంటే ముందు ఆ నీటిని కదిలించాలి, అది తేలిక కాదు.

అలా చేసిన గాజు పలకనూ, మామూలు పలకనూ మా బాబాయి గుంటలో ఏరేటర్‌కు కాస్త ఎడంగా వేలాడదీశాం. తీసి చూస్తే మామూలుది గోధుమ రంగుకు తిరిగి వేలికి జారిపోతోంది. పూత పలక మీద నీరు చుక్క కట్టకుండా ఒకే పొరగా పరుచుకుంది, అందులోంచి అవతలి గట్టు తేటగా కనిపించింది. ఎంత సంబరపడ్డామో! ఇంకొన్ని వారాలు ఉంచితే మాత్రం తాడు రాసుకున్న అంచు దగ్గర పాకుడు మొదలై లోపలికి పాకింది.

అసలు విషయం అక్కడే ఉంది. గొలుసు చెక్కుచెదరకపోయినా, దాన్ని గాజుకు పట్టి ఉంచే బంధం నీటిలో మెల్లగా తెగుతుంది. నీరు తాగి ఉబ్బిన గొలుసులు ఆ బంధాన్ని లాగుతూనే ఉంటాయి కూడా. ఇక సెన్సర్ మూతి చాలావాటిలో గాజు కాదు, పైన సిలికాన్ రబ్బరు లాంటి పొర ఉంటుంది. సీసాలోది దాని మీద పైపైన పూస్తే బంధమే ఏర్పడదు, పైగా ఆక్సిజన్ వెళ్లే దారికి అడ్డుపడి రీడింగే మారిపోవచ్చు. ఆల్చిప్పల జిగురును చూసి 2007లో తయారుచేసిన పాలీడోపమైన్ పొర ప్లాస్టిక్‌కు కూడా పడుతుంది. ఇప్పుడు దాని మీద గొలుసులు పెంచి చూస్తున్నాం, నా ఆశంతా దాని మీదే.

ఈ పంటకు మాత్రం మెత్తటి గుడ్డతో మంచినీళ్లు పెట్టి తుడవండి. తుడిచాక సెన్సర్‌ను గాలిలో పట్టుకుంటే ఆక్సిజన్ శాతం రీడింగ్ నూరు దగ్గర నిలుస్తోందో లేదో చూడండి. తనంతట తాను తుడుచుకునే బ్రష్ ఉన్న సెన్సర్ దొరికితే దానికి పెట్టిన డబ్బు దండగ కాదు. సీసా అమ్మేవాళ్లు మళ్లీ వస్తే, అందులో ఉన్నది ఏ పాలిమర్, మూతికి దేనితో అతుక్కుంటుంది, ఉప్పునీటిలో ఎన్ని వారాలు ఉంచి చూశారు అని అడగండి.