నైట్ డ్యూటీలో డాక్టర్‌కి ఎప్పుడు ఫోన్ చేయాలి?

జీఎన్ఎం నర్సింగ్ కోర్సు అయ్యాక మొదటి ఉద్యోగం, జనరల్ వార్డులో నైట్ డ్యూటీ అన్నారు. పేషెంట్‌ని చూస్తే ఏదో తేడాగా అనిపిస్తుంది, బీపీ చూస్తే బాగానే ఉంటుంది, డ్యూటీ డాక్టర్‌ని లేపితే ఏమంటారోనని టెన్షన్. ఫోన్ ఎప్పుడు చేయాలి, ఎప్పుడు ఆగాలి అని మీ ప్రశ్న.

అనుమానం వచ్చాక తెల్లారేదాకా ఆగడం అన్న మాటే వద్దు. కాకపోతే ఫోన్ తీసే ముందు రెండు మూడు నిమిషాలు మంచం పక్కన నిలబడి, ఆ అనుమానం ఎందుకొచ్చిందో చూసుకోండి. మనకు ‘ఏదో తేడా’ అనిపించిందంటే కళ్లు ఏదో పట్టుకున్నట్టే. దాన్ని అంకెల్లో చెప్పగలిగితే ఏ డాక్టరైనా వింటారు.

నేను చాలాకాలం మెడిసిన్ వార్డులోనే చేశాను కాబట్టి డెంగీ సంగతే చెప్తాను. వానలు మొదలయ్యాక మీకూ ఎక్కువగా తగిలేది అదే. ఇంట్లోవాళ్ల చూపంతా ప్లేట్‌లెట్ల మీదే ఉంటుంది. పొద్దున ఎంత, సాయంత్రం ఎంత, బొప్పాయి ఆకు రసం పట్టించాలా అని అడుగుతూనే ఉంటారు. జ్వరం తగ్గగానే గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. మనం కళ్లు తెరుచుకుని ఉండాల్సింది సరిగ్గా అప్పుడే. డెంగీలో ప్రమాదం సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగుతున్నప్పుడే మొదలవుతుంది. రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారిపోతుంది. ఇది ఒకటి రెండు రోజులు సాగుతుంది.

ఒక రాత్రి కాలేజీ కుర్రాడొకడు ఉన్నాడు. జ్వరం వచ్చి ఐదో రోజు. సాయంత్రానికి ఒళ్లు చల్లబడింది, వాళ్లమ్మ మొహంలో కళ వచ్చింది. ఎనిమిదింటికి బీపీ 110/70, పల్స్ 86. పదకొండింటికి బీపీ 106/80, పల్స్ 102. పై అంకె ఒక్కటే చూస్తే దిగులు పడాల్సిందేమీ లేదు. కానీ కుర్రాడు అటూ ఇటూ దొర్లుతున్నాడు, కడుపులో నొప్పి అంటున్నాడు, పలకరిస్తే విసుక్కుంటున్నాడు. వాళ్లమ్మ "వీడెప్పుడూ ఇలా ఉండడు సిస్టర్" అంది. అరగంట ఆగి మళ్లీ చూస్తే 102/84. పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి మూడు నాలుగు సెకన్లు పట్టింది. మామూలుగా రెండు సెకన్లలోపే రావాలి.

ఇక్కడ చూడాల్సింది పై బీపీకీ కింది బీపీకీ మధ్య ఉన్న తేడా, అంటే పల్స్ ప్రెషర్. 40 ఉన్నది 26 అయింది, తర్వాత 18కి వచ్చింది. నాళాల్లో ప్లాస్మా తగ్గుతుంటే శరీరం నాళాలను బిగించి పై అంకెను నిలబెడుతుంది. అందుకే కింది అంకె పైకి జరుగుతుంది. ఈ తేడా 20కి గానీ, అంతకంటే తక్కువకు గానీ వచ్చిందంటే షాక్‌లో (అవయవాలకు రక్తం చాలని స్థితిలో) ఉన్నట్టే అనుకుని కదలాలి. పై అంకె కూడా పడిపోయేదాకా చూస్తూ కూర్చుంటే చాలా ఆలస్యమైపోతుంది.

ఫోన్‌లో ఇలా చెప్పాను (పీసీవీ అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, ప్లాస్మా కారిపోతే అది పెరుగుతుంది): "సార్, మెడిసిన్ వార్డు నుంచి స్టాఫ్ నర్స్‌ని. 12వ బెడ్, డెంగీ, ఐదో రోజు, జ్వరం సాయంత్రం తగ్గింది. ఎనిమిదింటికి 110/70 ఉన్న బీపీ ఇప్పుడు 102/84, పల్స్ 116. కాళ్లు చేతులు చల్లగా ఉన్నాయి, కడుపునొప్పి, చికాకు. పొద్దున పీసీవీ 41. షాక్‌లోకి వెళ్తున్నాడని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి. ఈలోపు పీసీవీకి శాంపిల్ పంపమంటారా?"

ఆయన వచ్చారు. పీసీవీ 50 ఉంది. ఫ్లూయిడ్స్ రేటు పెంచి, ఐసీయూకి మార్చారు. అబ్బాయి కోలుకున్నాడు.

ఫోన్‌లో చెప్పిన ఈ వరసకు ఎస్‌బార్ అని పేరుంది. అమెరికా నేవీ సబ్‌మెరైన్లలో మొదలై ఆసుపత్రుల్లోకి వచ్చింది. ఇప్పుడేం జరుగుతోంది, వెనక ఏముంది, మీకేమనిపిస్తోంది, డాక్టర్ ఏం చేయాలి, అంతే. మనవాళ్లు ఎక్కువగా మింగేసేది ఆ చివరి రెండే. ‘నర్సుని, నేను చెప్పడమేంటి’ అనుకుంటారు. రోగనిర్ధారణ, మందు రాయడం డాక్టర్ పని, అది ఆయనకే వదిలేయాలి. కానీ రాత్రంతా ఆ మంచం పక్కన ఉన్నది మీరు. మీకేమనిపించిందో చెప్పడం మీ డ్యూటీలో భాగమే, హద్దు మీరినట్టు కానే కాదు.

శ్వాస గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. చార్టులో అందరికీ 18, 20 అని రాసేసే అలవాటు చాలా వార్డుల్లో ఉంది. దయచేసి మీరు ఆ అలవాటు చేసుకోవద్దు. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. న్యుమోనియా కానీ, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) కానీ, ఫ్లూయిడ్ ఎక్కువైపోవడం కానీ, చాలాసార్లు బీపీ కంటే ముందు శ్వాసే చెప్తుంది. పేషెంట్ పరిస్థితికి మార్కులు వేసేందుకు బ్రిటన్‌లో వాడే న్యూస్ స్కోరులో శ్వాస నిమిషానికి 25 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ ఒక్కదానికే మూడు మార్కులు. కొత్తగా అయోమయంగా ఉన్నా మూడే. ఒక్కదానిలోనే మూడు వచ్చిందంటే డాక్టర్‌కి చెప్పాల్సిందే.

డెంగీ పేషెంట్లు ఒళ్లునొప్పులకు ఇంజెక్షన్ అడుగుతారు. డైక్లోఫెనాక్ వద్దు, కండకి వేసేది ఏదైనా వద్దు, రక్తస్రావం అవ్వచ్చు. పారాసిటమాల్ రాసి ఉంటే డోసు ప్రకారం ఇవ్వండి. పాత షీట్‌లో ఎవరైనా డైక్లో రాసి ఉంటే ఇవ్వకుండా ఆపి, డాక్టర్‌ని అడగండి. యూరిన్ ఎంత వచ్చిందో కొలిచి రాయండి, ‘వెళ్లాడు’ అని రాస్తే లాభం లేదు. 50 కిలోల మనిషికి గంటకు 25 మి.లీ. కన్నా తగ్గితే చెప్పాలి.

డాక్టర్ ఫోన్ ఎత్తకపోతే, లేదా ‘చూద్దాంలే’ అని పెట్టేస్తే? పావుగంటలో మళ్లీ బీపీ చూసి, మళ్లీ చేయండి. అప్పటికీ కదలకపోతే నైట్ సూపర్‌వైజర్‌కి, ఐసీయూ డాక్టర్‌కి చెప్పండి. మరీ దిగజారుతుంటే పావుగంట కూడా ఆగొద్దు. ఎవరికి ఎన్నింటికి చెప్పారో, ఏమన్నారో నర్సెస్ నోట్స్‌లో అప్పటికప్పుడే రాసుకోండి. ఫోన్‌లో ఆర్డర్ చెప్తే మందు పేరు, డోసు, ఏ దారిలో ఇవ్వాలో తిరిగి చదివి వినిపించండి. డోపమిన్, డోబుటమిన్ వేర్వేరు మందులైనా ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. పొద్దున రౌండ్స్‌లో ఆ ఆర్డర్ మీద సంతకం పెట్టించుకోండి.

తిట్లు పడొచ్చు, ఒకటి రెండుసార్లు నిజంగానే అనవసరంగా లేపి ఉండొచ్చు కూడా. అంకెలు చేతిలో పెట్టుకుని మాట్లాడే నర్సుని కొన్నాళ్లకు డాక్టర్లే గుర్తుపడతారు. ఆవిడ ఫోన్ చేసిందంటే లేచి వస్తారు.