"ప్లే ఇట్, స్టీవ్!" అన్నది ఎవర్ని? (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: అన్నా, నేను రైస్ మిల్లుల లెక్కలు రాస్త. మొన్న నైట్ డ్యూటీల ఫోన్‌ల 'గ్రీన్ ఆనియన్స్' అని ఒక ట్యూన్ తగిలింది, మాటలే లేవు, మూడు నిమిషాలు కూడ లేదు, తెల్లారేదాక అదే విన్న. దాంట్ల గిటార్ కొట్టినాయన చనిపోయిండట కదా, ఎవరాయన? ఉల్లిగడ్డ పేరు ఎందుకు పెట్టిండ్రు?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్మీ, ఆయన పేరు స్టీవ్ క్రాపర్. 2025 డిసెంబర్ 3న నాష్‌విల్‌ల పోయిండు, 84 ఏండ్లు. ఆ వార్త చూసినంక రెండు రోజులు నాకు వేరే పాట పెట్టబుద్ధి కాలే.

పుట్టింది మిస్సోరిల, 9 ఏండ్లప్పుడు ఇంటోళ్లతోని మెంఫిస్‌కు వచ్చిండు. ఆ ఊర్ల మెక్‌లెమోర్ అవెన్యూ మీద మూతపడ్డ సినిమా టాకీస్ ఒకటి ఉండె. మన దిక్కు పాత టాకీసులు గోదాములు, ఫంక్షన్ హాళ్లు అయినయి చూడు, అక్కడ జిమ్ స్టీవర్ట్, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ దాన్ని కిరాయికి తీస్కొని రికార్డింగ్ స్టూడియో చేసిండ్రు, ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి స్టాక్స్ అని పేరు పెట్టిండ్రు. సీట్లు పీకేసిండ్రు గని నేల వాలు అట్లనే ఉంచిండ్రు, స్టాక్స్ పాటలల్ల వినిపించే ఆ సౌండ్‌ల ఆ హాల్‌ది కూడ వాటా ఉంది. ముంగట తినే సామాన్లు అమ్మే కాడ రికార్డుల షాపు పెట్టిండ్రు, స్టీవ్ ఆ షాపుల గిరాకీలకు రికార్డులు అమ్మిండు, లోపల గిటార్ కూడ కొట్టిండు, జనం ఏది అడిగి కొంటున్నరో కండ్లార చూస్తుండె.

ఇగ నీ ట్యూన్ ముచ్చట. 1962ల బిల్లీ లీ రైలీ అనే సింగర్‌కి వాయించనీకి స్టీవ్‌తోని కలిపి నలుగురు స్టూడియోకు పోయిండ్రు, మధ్యల ఖాళీ దొరికితే ఊకెనే ఒక బ్లూస్ (అమెరికా నల్లోళ్ల పాత పాటల బాణీ) వాయించుకుంటున్నరు, అది విని జిమ్ స్టీవర్ట్ రికార్డ్ చేసిండు, బాగుంది రికార్డు ఏద్దాం, మరి రెండో పక్కకు ఏముంది అన్నడు. అప్పుడు స్టీవ్‌కు యాదికొచ్చింది, అంతకుముందు ఆర్గన్ మీద బుకర్ టి. జోన్స్ వాయించిన ఒక ముక్క. బుకర్‌కు అప్పటికి 17 ఏండ్లే! అది పట్టుకొని వాయిస్తే వచ్చిందే నువ్వు రాత్రంత విన్నది. అసలు పాట 'బిహేవ్ యువర్‌సెల్ఫ్', నీది వెనుక పక్కది. స్టీవ్ దాన్ని మెంఫిస్‌ల డబ్ల్యూఎల్ఓకే రేడియోకు తీస్కపోయి ఏపిచ్చిండు, ఇగ జనం అదే అడుగుడు. ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) పాటల చార్టుల నంబర్ 1, పాప్ చార్టుల 3.

పేరు మీద కథలు చానా ఉన్నయి. ఎక్కువ చెప్పేది ఏందంటే ముందు 'ఫంకీ ఆనియన్స్' అనుకున్నరు, అది ఎస్టెల్‌కు బూతు మాట లెక్క వినిపిచ్చింది, అందుకని గ్రీన్ చేసిండ్రు, అంటే మన ఉల్లాకు.

ఇంకో ముచ్చట చెప్పకుంటే నా మనసు ఒప్పదు. నల్లోళ్లు, తెల్లోళ్లు ఒక హోటల్ల కలిసి కూసొని తినుడే కష్టమైన ఊర్ల, ఈ నలుగురి బ్యాండుల ముగ్గురు నల్లోళ్లు, స్టీవ్ ఒక్కడు తెల్లోడు, తర్వాత బాస్‌కు డక్ డన్ వచ్చినంక ఇద్దరిద్దరైండ్రు. వాళ్లు కలిసి కూసొని పాటలు రాసుకున్న జాగ లొరేన్ మోటెల్. 1965ల సింగర్ విల్సన్ పికెట్‌తోని, 1966ల ఇంకో సింగర్ ఎడ్డీ ఫ్లాయిడ్‌తోని స్టీవ్ పాటలు కట్టింది అక్కడనే. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపింది గూడ ఆ మోటెల్‌లనే.

ప్రశ్న: సార్, పెండ్లిళ్ల ఆర్కెస్ట్రాల గిటార్ కొడ్త. ఫాస్ట్ సోలోలు రావని మా గ్రూపుల నన్ను ఎనుకకు నిలబెడ్తరు. కొత్త పెడల్స్ కొనాల్నా, వేరే పని చూస్కోవాల్నా?
— ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: పైసలు దాసుకో తమ్మీ. పై జవాబుల చెప్పిన మనిషి బతుకంత పాట ఎనుకనే నిలబడ్డడు. మన పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెర విన్నవా, దర్శనం మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది చూడు, ఆయన పాడుతుంటే కిన్నెర గొంతుకు అడ్డం రాదు, గొంతు ఆగిన కాడ అందుకుంటది. స్టీవ్ గిటార్ టెలీకాస్టర్ కూడ అదే పని చేస్తది, సింగర్ ఊపిరి తీస్కునే సందుల రెండు సుక్కలు వేస్తది, తప్పుకుంటది.

విల్సన్ పికెట్‌తోని స్టీవ్ కట్టిన 'ఇన్ ద మిడ్‌నైట్ అవర్' పట్టుకో. రికార్డింగ్‌ల జెర్రీ వెక్స్‌లర్ అనే ప్రొడ్యూసర్ అప్పటి పిల్లలు ఏసే కొత్త డాన్సు వేసి చూపిచ్చిండట, నాలుగు దెబ్బల లెక్కల రెండో దెబ్బ, నాలుగో దెబ్బ జరంత ఆలస్యంగ పడాలె అని. స్టీవ్, డ్రమ్మర్ అల్ జాక్సన్ ఇద్దరు కలిసి ఆ ఆలస్యం పట్టిండ్రు. నువ్వు వారం రోజులు ఆ రెండు, నాలుగు మాత్రమే కొట్టు, మిగితాది ఎడమ చేతితోని ఆపు. మస్తు కష్టం, చేస్తే తెలుస్తది.

1967ల 'సోల్ మ్యాన్' రికార్డింగ్‌ల స్లైడ్ (తీగల మీద జార్చే గొట్టం) కావాలంటే చేతికి దొరకలే, జిప్పో లైటర్ తీగల మీద జార్చిండు, పాట మధ్యల సింగర్ సామ్ మూర్ "ప్లే ఇట్, స్టీవ్!" (వాయించు స్టీవ్) అని అరిసింది అందుకే. అదే ఏడు డిసెంబర్ 10న సింగర్ ఓటిస్ రెడ్డింగ్ విమాన ప్రమాదంల 26 ఏండ్లకే పోయిండు. ఆయన, స్టీవ్ ఇద్దరు కలిసి రాసిన 'డాక్ ఆఫ్ ద బే' అప్పటికి పూర్తి కాలే, దోస్తు పోయిన దుఃఖంల కూసొని స్టీవే మిక్స్ చేసిండు, అలల సప్పుడు, సముద్రపు పక్షుల అరుపులు కలిపిండు. అమెరికాల మనిషి పోయినంక నంబర్ 1 అయిన మొదటి పాట అది. దాంట్ల గిటార్ ఎంత తక్కువున్నదో లెక్క పెట్టి నాకు రాయి.

ప్రశ్న: అక్కా, మా నాన్న యూట్యూబ్‌ల పాత ఇంగ్లండ్ టెస్ట్ మ్యాచ్‌లు చూస్తడు. బీబీసీ క్రికెట్‌కు ముందు వచ్చే హుషారు ట్యూన్ ఎవరిది?
— ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: చెల్లె, ఇది కూడ పైన చెప్పినోళ్లదే! అదే స్టీవ్ ఉన్న బుకర్ టి. బ్యాండు, 1968ల 'సోల్ లింబో'. టక్కుటక్కుమని కొయ్య మీద కొట్టినట్టు వచ్చేది మారింబా, టంగుటంగుమనేది కౌబెల్, అంటే ఆవు మెడల గంట లాంటిది. నాన్నకు మొత్తం పాట పెట్టి వినిపియ్, మారింబా ఎనుక సన్నగ గిటార్ కొట్టేది స్టీవే.