లంకావిలో ఉన్న మోటార్ యాట్‌ను చెన్నైలో కూర్చుని అమ్మగలమా?

మీరు అడిగింది ఇదీ: మలేషియాలో ఉద్యోగం చేసిన మీ అన్నగారు లంకావి మెరీనాలో (యాట్‌లు కట్టుకునే రేవులో) 44 అడుగుల మోటార్ యాట్‌లోనే కాపురం ఉండేవారు. ఆరోగ్యం బాగాలేక ఇప్పుడు చెన్నైలో మీ దగ్గరికి వచ్చేశారు. బోటు అక్కడే ఉంది, నెలనెలా అద్దె పడుతోంది. దాన్ని ఇక్కడికి తెప్పించి అమ్మితే మంచి ధర వస్తుందా, అక్కడే అమ్మాలా, ఎక్కడ మొదలుపెట్టాలి?

అక్కడే అమ్మండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. నేను షిప్పుల్లో ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి. మా ఆవిడా నేనూ కొన్నేళ్లు లంకావిలో బోటులోనే ఉండి, దాన్ని అక్కడే అమ్మేసి పెరంబూరు వచ్చి స్థిరపడ్డాం. ఆ తర్వాత తెలిసినవాళ్లు తమ బోట్లు అమ్ముకుంటున్నప్పుడు కూడా పక్కనుండి చూశాను.

చెన్నైకి తేవడం సంగతి ముందు తేల్చేద్దాం. దూరం సుమారు 1,200 నాటికల్ మైళ్లు. 8 నాట్ల (అంటే గంటకు 8 నాటికల్ మైళ్ల) వేగంతో ఎక్కడా ఆగకుండా వచ్చినా ఆరు రోజులు దాటుతుంది. ఆ సైజు బోట్లలో చాలావాటికి అంత దూరానికి సరిపడా డీజిల్ ట్యాంకే ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం ఎలా ఉంటుందో చెన్నైలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2016లో వర్దా, 2023లో మిచాంగ్, ఆ రెండు తుఫాన్లూ డిసెంబరులోనే వచ్చాయి. సరే, క్షేమంగా తెచ్చారనే అనుకుందాం. కస్టమ్స్ డ్యూటీ కట్టాలి. దానిపైన జీఎస్టీ ఉంది, విహారానికి వాడే యాట్‌లకు 2025 సెప్టెంబరు నుంచి అది 40 శాతం. అదంతా కట్టాక బోటు ఎక్కడ పెడతారు? హార్బరులో 1911 నుంచి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది, కానీ అది ముఖ్యంగా తెరచాప పడవలవాళ్లది. కరెంటు, మంచినీళ్లు ఇచ్చి, నివాసం ఉండే మోటార్ యాట్‌ను నెలల తరబడి కట్టుకోనిచ్చే మెరీనా మన ఊళ్లో లేదు. అలాంటి మెరీనా కోసం కొచ్చి బోల్గట్టి దాకా పోవాలి.

లంకావి సంగతి వేరు. 1987 నుంచి అది డ్యూటీ ఫ్రీ దీవి. ఈ ప్రాంతంలో సెకండ్ హ్యాండ్ బోటు కొనాలనుకునేవాళ్లు థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో చూసి అక్కడికీ వస్తారు, అక్కడ చూసి ఫుకెట్‌కీ వెళ్తారు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అటువైపు సముద్రం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి రాకపోకలన్నీ ఆ నెలల్లోనే. బోటు అక్టోబరు చివరికల్లా చూపించడానికి సిద్ధంగా ఉండేలా లెక్క వేసుకోండి. చెన్నై నుంచి కౌలాలంపూర్‌కు నాలుగు గంటల ఫ్లైటు, అక్కడి నుంచి ఇంకోటి. మీరో, ఇంట్లో ఇంకెవరైనానో ఒకసారి వెళ్లి కొన్నాళ్లు ఉండక తప్పదు. ఫోన్ల మీద జరిగే పని కాదు.

వెళ్లాక మొదటి పని ఇల్లు ఖాళీ చెయ్యడం. కాపురమున్న బోటు అమ్మకంలో అన్నిటికంటే ఎక్కువ ధర పోయేది ఇక్కడే అని నా నమ్మకం. సోఫా కింద అరలో బియ్యం డబ్బాలు, మంచం కింద సూట్‌కేసులు, ఇంజిన్ రూమ్‌లో పాత ఫ్యాన్లు. మనకు అవి సామాన్లు. చూడ్డానికి వచ్చినవాళ్లకు మాత్రం అవి వెనకాల ఏముందో కనబడనివ్వని అడ్డం. మా బోటు చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒక ఆస్ట్రేలియా దంపతులు ఉన్నారు, చివరికి వాళ్లే కొన్నారు. ఆయన లోపలికి వస్తూనే ఇంజిన్ రూమ్ ఎటని అడిగి, సముద్రపు నీళ్లు లాగే పంపు కింద తెల్ల టిష్యూ పెట్టి తుడిచి, టార్చి వెలుగులో దాన్ని చూశాడు. ఉప్పు మరక ఉందా, ఆకుపచ్చగా చిలుమేమైనా ఉందా అని. ఆవిడేమో వంటగది అరలు ఒక్కొక్కటే తెరిచి, తల లోపలికి పెట్టి వాసన చూసింది. సూర్యాస్తమయం ఎంత బాగుంటుందని వాళ్లు ఒక్కమాట కూడా అడగలేదు.

వాసన గురించి కాస్త ఎక్కువే చెబుతాను, మన ఇళ్లవాళ్లకు అది ముఖ్యం. ఏళ్ల తరబడి ఇంగువ తాలింపు, కరివేపాకు, ఎండుమిరపకాయలు వేగిన బోటులో ఆ వాసన పైకప్పుకు అతికించిన వినైల్ కిందున్న ఫోమ్‌లోకి, పరుపుల్లోకి, ఏసీ ఫిల్టర్లలోకి దిగిపోతుంది. మనకు తెలీదు, కొత్తవాళ్లకు మెట్టు దిగగానే తెలుస్తుంది. పరుపుల గలీబులు ఉతికించండి, ఫోమ్ ఎండలో పెట్టండి, ఫిల్టర్లు మార్చండి, స్టవ్ వెనక పలక విప్పి జిడ్డు తుడిపించండి. సెంట్లు మాత్రం కొట్టకండి. ఏదో దాస్తున్నారని అనుమానం వస్తుంది.

ఇంకో వాసన టాయిలెట్ వైపు నుంచి. చాలామంది ట్యాంకు కడిగించి పని అయిపోయిందనుకుంటారు, కానీ ఎక్కువసార్లు ట్యాంకు బాగానే ఉంటుంది, హోసు గోడల్లోంచే వాసన బయటికి ఊరుతుంటుంది. తెలుసుకోవడం తేలికే. శుభ్రమైన గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి, హోసు చుట్టూ కాసేపు చుట్టి ఉంచి, చల్లారాక ఆ గుడ్డను వాసన చూడండి. గుడ్డకు వాసన పట్టిందంటే ఆ హోసు మార్చాల్సిందే. పెద్ద ఖర్చు కాదు, ధర మీద దాని ప్రభావం మాత్రం పెద్దది.

ఇప్పుడు అసలు సంగతి. నివాసం ఉన్న బోట్లలో ప్రధాన ఇంజిన్లు పెద్దగా తిరగవు. జనరేటర్, ఏసీలు, బ్యాటరీలు, నీళ్ల పంపులు మాత్రం ఇంట్లోలాగే రోజూ నడుస్తాయి. ఇంజిన్ మీటరు తక్కువ గంటలు చూపిస్తోందని ప్రకటనలో గొప్పగా రాయాలనిపిస్తుంది. తెలిసినవాడు దానికి మురిసిపోడు. కదలకుండా కూర్చున్న డీజిల్ ఇంజిన్‌లో ఇంపెల్లర్ (నీళ్ల పంపులో తిరిగే చక్రం) రబ్బరు గట్టిపడుతుంది, ఇంజిన్‌ను చల్లబరిచే హీట్ ఎక్స్‌చేంజర్‌లో ఉప్పు పేరుకుంటుంది, ఎగ్జాస్ట్ ఎల్బోను (పొగ బయటికి పోయే వంపు గొట్టాన్ని) తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. ట్యాంకులో డీజిల్ అలాగే ఉండిపోతే అడుగున నీరు చేరి, ఆ వేడిలో సూక్ష్మజీవులు పెరిగి, ఫిల్టరు నల్లటి బంకతో మూసుకుపోతుంది. రాకార్ అనే డీజిల్ ఫిల్టర్ల అడుగున గాజులాంటి గిన్నె ఉంటుంది కదా, దాంట్లోకి చూస్తే నీళ్లు, బంక ఉన్నాయో లేదో కనిపిస్తుంది. ముందు మీరే ఒక మెకానిక్‌తో ఇవన్నీ చూపించి, ఇంజిన్ ఆయిల్ శాంపిల్ ల్యాబుకు పంపించి, రిపోర్టు దగ్గర పెట్టుకోండి.

దీంతోపాటు మీ ఖర్చుతోనే ఒక సర్వేయర్‌ను (బోట్లను తనిఖీ చేసి రిపోర్టు ఇచ్చే నిపుణుణ్ణి) పిలిపించి బోటు చూపించమని నేను గట్టిగా చెబుతాను. కొనేవాడు ఎలాగూ తన సర్వేయర్‌ను తెచ్చుకుంటాడు, నీళ్లలోంచి పైకెత్తించే ఖర్చూ వాడిదే, అదే ఆనవాయితీ. అలాంటప్పుడు మనకెందుకు ఈ ఖర్చు అంటారేమో. ఆ సర్వేయర్ చిన్న సుత్తితో అడుగుభాగమంతా కొట్టుకుంటూ పోతాడు, తేమ మీటరు పెడతాడు, ఫైబర్‌లో నీటి పొక్కులు వెతుకుతాడు, డెక్కు మీద బిగించిన ప్రతి రెయిలింగు స్తంభం చుట్టూ నొక్కి చూస్తాడు. అతను కనిపెట్టిన ప్రతి లోపం బేరంలో మీకు ఎదురుతిరుగుతుంది. అదే లోపం ముందే మీరు రాసిచ్చి ఉంటే, ధరలో అది కలిసే ఉందని చెప్పవచ్చు. మా బోటుకు ముందు డెక్కు మీద ఒక స్తంభం దగ్గర డెక్కు లోపలి పొరగా ఉండే బాల్సా అనే తేలికపాటి చెక్కలోకి నీరు దిగింది. దాన్ని మొదటి పేజీలోనే రాసి, ఫొటో పెట్టి, బాగు చేయించడానికి యార్డు ఇచ్చిన అంచనా జతచేశాం. ఆస్ట్రేలియా ఆయన సర్వేయర్ అక్కడికి వచ్చి సుత్తితో కొట్టి, మా కాగితం చూసి, తలూపి ముందుకు పోయాడు. దాని మీద ఒక్క డాలరు కూడా తగ్గించమని అడగలేదు. పైగా, ఇది రాసినవాళ్లు మిగతావీ నిజమే రాసి ఉంటారన్న నమ్మకం వాళ్లకు కుదిరింది.

సీ ట్రయల్ (సముద్రంలో నడిపి చూసే పరీక్ష) రోజు ఇంజిన్లను పూర్తి వేగానికి తీసుకెళ్లమంటారు. ఇంజిన్ కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం అందుకోకపోతే ఏదో తేడా ఉన్నట్టే. నెలల తరబడి కట్టేసిన బోటుకు ప్రొపెల్లర్ నిండా గవ్వలు పట్టి ఉంటాయి, అందుకే అందుకోకపోవచ్చు. కాబట్టి ట్రయల్‌కు ముందు డైవర్‌ను దింపి ప్రొపెల్లర్ గోకించండి, మిగతా లోహాలు తుప్పు పట్టకుండా తామే అరిగే జింక్ బిళ్లలు అయిపోయి ఉంటే మార్పించండి. నల్ల పొగ వస్తే లోడు ఎక్కువైందని, నీలి పొగ వస్తే ఆయిల్ మండుతోందని వచ్చినవాళ్లకు తెలుసు. ఇంకోమాట, వాళ్లు వచ్చేలోపు ఇంజిన్ వేడి చేసి పెట్టకండి. చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలనే చాలామంది పొద్దున్నే వస్తారు.

కాగితాలు. బోటు ఏ దేశం జెండా కింద రిజిస్టరైందో ముందు చూడండి, అమ్మకం నియమాలు అక్కడి రిజిస్ట్రీవి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, మీ అన్నగారు కొన్నప్పటి బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం పత్రం), అంతకుముందు యజమానుల నుంచి చేతులు మారిన కాగితాలు, అప్పు ఉంటే తీరినట్టు బ్యాంకు ఉత్తరం, మలేషియాలోకి వచ్చినప్పటి కస్టమ్స్ పత్రాలు. బోటు వెనక కుడిపక్కన చెక్కి ఉండే హల్ నంబరు వీటన్నిటిలోనూ ఒకేలా ఉందా? ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆగిపోతుంది. అన్నగారు ప్రయాణం చేయలేరు కాబట్టి మీ పేర పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. ఇక్కడ నోటరీ ఒక్కటీ చాలకపోవచ్చు, ఎలాంటి ధ్రువీకరణ కావాలో ఆ రిజిస్ట్రీకి ముందే మెయిల్ రాసి అడగండి. బయటి దేశపు ఆస్తి, దాని అమ్మకం డబ్బు ఇక్కడి రిటర్నుల్లో ఎలా చూపాలో మీ ఆడిటర్‌ను బేరం కుదరక ముందే అడగాలి.

బ్రోకర్ కావాలా అంటే, మీ పరిస్థితిలో కావాలి. కమీషన్ సాధారణంగా పది శాతం దాకా ఉంటుంది, వినగానే గుండె ఝల్లుమంటుంది. కానీ నెట్‌లో మీకు కనిపించేవన్నీ అడుగుతున్న ధరలు. అలాంటి బోట్లు నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో ఆ రికార్డు బ్రోకర్ల దగ్గర ఉంటుంది. ధర అక్కడి నుంచి నిర్ణయించండి, అన్నగారు దాని మీద ఎంత పోశారన్న లెక్క నుంచి కాదు. ఈ మాట ఆయనతో మెల్లగా చెప్పండి. కొత్త బ్యాటరీలు, కొత్త ఏసీ పెట్టించిన డబ్బు పూర్తిగా తిరిగి రాదు, త్వరగా అమ్ముడవడానికి మాత్రం పనికొస్తుంది. ఆ ఒక్క బ్రోకరే అమ్మాలన్న ఏకైక హక్కు ఒప్పందం రాసుకుంటే గడువు తప్పకుండా వేయించండి.

ఖరారైనప్పుడు కొనేవాడు మామూలుగా పది శాతం అడ్వాన్సు ఇస్తాడు, సర్వే, సీ ట్రయల్ నచ్చితేనే అన్న షరతుతో. ఆ డబ్బు బ్రోకర్ సొంత ఖాతాలో కాకుండా ఖాతాదారుల డబ్బు కోసం విడిగా పెట్టిన ఖాతాలో ఉండాలి. బోటు చూడకుండానే కొంటానని చెప్పి, ధర కంటే ఎక్కువకు చెక్కు పంపి, మిగిలింది తిరిగి పంపమనేవాళ్లు తగులుతారు. జవాబు కూడా ఇవ్వకండి. మీరు పంపింది పోతుంది, వాళ్ల చెక్కు తర్వాత తిరిగొస్తుంది.

మీరు విమానం ఎక్కేముందు ఇక్కడ చేయగల పని ఒకటుంది. అన్నగారి దగ్గర ఓపిగ్గా కూర్చుని, ఆయనకు బోటు గురించి తెలిసినదంతా చెప్పించుకుని రాయండి. ఏ వాల్వు గట్టిగా ఉంటుంది, ఏ స్విచ్ దేనికి, బిల్జ్ పంపు (బోటు అడుగున చేరే నీళ్లు తోడేది) ఎన్నాళ్లకోసారి శుభ్రం చేసేవారు, ఆయిల్ ఎప్పుడు మార్చారు, విడిభాగాలు ఏ అరలో ఉన్నాయి. మా ఆవిడ నా చేత ఇలాగే ఒక నోటు పుస్తకం నిండా రాయించింది, కొన్నవాళ్లు బోటు తాళాల కంటే ముందు దాన్నే అడిగి తీసుకున్నారు. అన్నగారికి మాట్లాడే ఓపిక ఉన్న రోజుల్లోనే ఇది చేయండి.

మెరీనా బాకీ పైసాతో సహా తీర్చి రసీదు తీసుకోండి, బాకీ ఉంటే బోటు కదలనివ్వరు. ఇన్సూరెన్స్ మాత్రం డబ్బు మీ ఖాతాలో పడి, బోటు అప్పగించినట్టు తేదీ, టైముతో ఇద్దరి సంతకాలూ అయ్యేదాకా ఆపకండి. ఇంజిన్ల మోడల్, తయారైన సంవత్సరం, జెండా ఏ దేశానిదో రాస్తే ఇంకా వివరంగా చెబుతాను.