నాన్నగారి ఫ్లాపీలు ఇంకా చదవొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు 1995–98 మధ్య తన కథల్ని డీటీపీ చేయించి ఫ్లాపీల్లో దాచుకున్నారు. ఆయన పోయాక బీరువాలో ముప్ఫై దాకా దొరికాయి, కాగితం ప్రతులు మాత్రం ఒక్కటీ లేవు. ఫ్లాపీ పదేళ్ళకు మించి ఉండదని అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు కొని పెట్టి చూడమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కొనండి, కానీ ఫ్లాపీని వెంటనే అందులో పెట్టకండి. ముందు రేకు షట్టర్‌ని పక్కకు జరిపి, వెనకున్న లోహపు బిళ్ళను వేలితో మెల్లగా తిప్పుతూ లోపలి నల్లటి పొరను రెండు వైపులా మంచి వెలుతురులో చూడండి. తెల్లటి మచ్చలుంటే అది బూజు. మీది సముద్రం పక్క ఊరు, చెమ్మ ఎక్కువ, కాబట్టి కొన్నిటికైనా పట్టి ఉండొచ్చు. డ్రైవులో డేటా చదివే భాగమైన హెడ్ ఆ పొరను తాకుతూనే చదువుతుంది, అదీ నిమిషానికి 300 చుట్లు తిరిగే పొరను. బూజు హెడ్‌కి అంటుకుందంటే ఆ డిస్కునే కాదు, తర్వాత పెట్టినదాన్నీ గీకేస్తుంది. పదేళ్ళ మాట పట్టించుకోకండి, పొడి చోట ఉన్న 1980ల డిస్కులు ఇప్పటికీ చదవగలుగుతున్నాం. నిజానికి ఫ్లాపీల కాలం చివర్లో చవగ్గా తయారైనవే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి.

శుభ్రంగా ఉన్నవాటితో మొదలుపెట్టండి. మూల ఉన్న చిన్న ప్లాస్టిక్ ట్యాబ్‌ని కన్నం తెరుచుకునేలా జరిపితే ఇక దానిమీద ఏదీ రాయలేరు. ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడిగితే వద్దనే చెప్పండి. ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ కూర్చోకుండా మొత్తం డిస్కుని ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, కాపీ చేసుకోండి, ఎంత తక్కువసార్లు తిప్పితే అంత మంచిది. యూఎస్‌బీ డ్రైవు ఎర్రర్ చూపించినంత మాత్రాన ఆ కథ పోయిందనుకోవద్దు, పాత కంప్యూటర్లలోని డ్రైవుకి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు తగిలిస్తే అది పొరమీది అయస్కాంత సంకేతాల్నే నేరుగా నమోదు చేస్తుంది, మామూలు డ్రైవు వదిలేసినవి కూడా కొన్నిసార్లు అలా వస్తాయి. బూజు పట్టినవి చివరికి ఉంచండి, వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, ఆ చెయ్యి తిరిగినవాళ్ళకే ఇవ్వండి.

ఇంకోమాట, ఫైలు తెరవగానే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే పాడైందని తీసిపారేయకండి! అప్పటి డీటీపీ సెంటర్లలో వాడినవి ఇప్పటి యూనికోడ్ ఫాంట్లు కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టినవి. ఆ ఫాంటు దొరికితే నాన్నగారి వాక్యం అలాగే కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఆర్కెస్ట్రాలోని పాత కీబోర్డు 720 కేబీ ఫ్లాపీలే తీసుకుంటుంది. 1.44 ఎంబీ ఫ్లాపీకి అదనంగా ఉండే రెండో కన్నం మూసి టేపు అంటిస్తే పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ రోజుకి పనిచేస్తుంది, కచేరీ రోజు మొండికేస్తుంది. రెండింటి అయస్కాంత పూతలు వేరు, 720 కేబీ పద్ధతిలో రాసింది 1.44 పొరమీద గట్టిగా నిలవదు. డ్రైవు తీసేసి, దాని స్థానంలో పెన్ డ్రైవ్ పెట్టుకునే గోటెక్ ఎమ్యులేటర్ మీ మోడల్‌కి సరిపోతుందేమో కనుక్కుని బిగించుకోండి. అంతకంటే ముందు, ఇప్పుడున్న ఫ్లాపీల్లోని ట్యూన్లన్నీ కాపీ చేసి పెట్టుకోండి.