ఉసిరి నాటే ముందు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

కర్నూలు శివార్లలో మీరు కట్టుకున్న ఇంటి వెనక ఆరు సెంట్ల స్థలం మిగిలిందనీ, అందులో ఉసిరి మొక్క పెట్టాలనుకుంటున్నావనీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. తెలిసినదంతా రాస్తున్నాను. మొక్క కొనకముందే చదువు. ఉసిరి విషయంలో తర్వాత దిద్దుకోలేని పనులన్నీ మొదటి నెలలోనే జరిగిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెబుతాను. ఒక ఉసిరి కాదు, రెండు నాటు. ఆ రెండూ వేర్వేరు రకాలై ఉండాలి. ఉసిరిలో ఒకే చెట్టుకు మగపూలు, ఆడపూలు రెండూ పూస్తాయి. కానీ తన పుప్పొడితో తాను కాయలు పట్టడం చాలా తక్కువ. పక్కన వేరే రకం చెట్టు ఉండి, గాలో తేనెటీగలో ఆ పుప్పొడిని మోసుకొస్తేనే కాపు బాగుంటుంది. ఇంటి ముందు పచ్చగా, గొడుగులా పెరిగి ఏళ్ల తరబడి ఒక్క కాయా ఇవ్వని ఉసిరి చెట్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. మట్టి బాగాలేదంటారు, దిష్టి తగిలిందంటారు, చివరికి కొట్టేస్తారు. ఆ చెట్టులో ఏ లోపమూ లేదు, దానికి తోడు లేదు, అంతే. రెండింటికి స్థలం చాలదనుకుంటే పొరుగింటివాళ్లతో మాట్లాడి వాళ్ల పెరట్లో ఒకటి పెట్టించు. అదీ కుదరకపోతే చెట్టు ఎదిగాక దాని కొమ్మకే మరో రకం కన్ను అంటు కట్టించవచ్చు. పని తెలిసిన తోటమాలి దొరికితే అది కష్టమేమీ కాదు.

రకాల సంగతి. ఇప్పుడు నర్సరీల్లో ఎక్కువగా దొరికేవి ఉత్తరప్రదేశ్‌లోని ఫైజాబాద్ (ఇప్పటి అయోధ్య) దగ్గర ఉన్న నరేంద్రదేవ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవి. వాటిని ఎన్‌ఏ-6, ఎన్‌ఏ-7, ఎన్‌ఏ-10 అని పిలుస్తారు, ఎన్‌ఏ అంటే నరేంద్ర ఆమ్లా, అంటే నరేంద్ర ఉసిరి. కృష్ణ, కాంచన్ కూడా అక్కడివే. తమిళనాడు భవానీసాగర్ నుంచి వచ్చిన బీఎస్ఆర్-1 కూడా కొన్నిచోట్ల ఉంటుంది. నీకు నా సలహా ఎన్‌ఏ-7, ఎన్‌ఏ-6. ఎన్‌ఏ-7 త్వరగా కాపుకొస్తుంది, విరగకాస్తుంది. ఎన్‌ఏ-6లో పీచు తక్కువ, మురబ్బాకూ తేనెలో ఊరవేయడానికీ అది బాగుంటుంది. ఎన్‌ఏ-6 దొరక్కపోతే ఎన్‌ఏ-10 తీసుకో. బనారసీ కాయ పెద్దదే, చూడముచ్చటగా ఉంటుంది. అయితే కాపు తక్కువ, రాలడం ఎక్కువ. ఇంటి పెరడుకు దాన్ని నేను చెప్పను.

గింజ నాటి పెంచుదామని మాత్రం అనుకోవద్దు. గింజ మొక్క కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. కాయ ఎలా ఉంటుందో అప్పటిదాకా తెలియదు. అంటు మొక్క అయితే నాలుగో ఏడు నుంచి కాయలు చూడవచ్చు. అయితే అంటు పేరు చెప్పి గింజ మొక్కలు అంటగట్టేవాళ్లూ ఉన్నారు కాబట్టి, నర్సరీల ఊరు కడియం వెళ్లినా మీ ఊళ్లో కొన్నా మొక్కను చేతిలోకి తీసుకుని చూడు. నేల నుంచి జానెడు ఎత్తులో కాండం కాస్త వంగి, ఒకవైపు ఉబ్బి, పాత కాండం కోసిన మచ్చ కనిపించాలి. ఆ మచ్చ కింద బెరడు ముదురుగా, పైన కాస్త లేతగా ఉంటుంది. కిందినుంచి పైదాకా ఒకే తీరున నిటారుగా, నున్నగా ఉంటే అది గింజ మొక్కే. కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే, అతుకు గట్టిపడిందో లేదో చూసుకుని జాగ్రత్తగా విప్పెయ్యి. వదిలేస్తే అది కాండంలోకి కోసుకుపోతుంది. ఉసిరి అని అడిగితే గీతలు తేలిన పుల్లటి రాచ ఉసిరి ఇస్తారేమో, అదీ గమనించుకో. అది మంచి చెట్టే గానీ నువ్వు కోరుకుంటున్నది అది కాదు.

ఇక మీ నేల. అటువైపు నల్లరేగడి ఎక్కువ. ఉసిరి రాళ్లనేలలోనూ బతుకుతుంది, చౌడును కూడా చాలావరకు ఓర్చుకుంటుంది. కానీ వేళ్ల దగ్గర నీరు నిలిస్తే ఓర్చుకోదు. అందుకని ఇంటి చూరు నీళ్లు పడే మూల, స్నానాల గది నీళ్లు పారే చోటు వదిలెయ్యి. ఏప్రిల్‌లో మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో రెండు గుంటలు తవ్వించి మే నెలంతా ఎండకు వదిలెయ్యి. పైమట్టిని ఒకవైపు, అడుగుమట్టిని మరోవైపు పోయించు. నింపేటప్పుడు పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు 15 కిలోలు, కిలో వేపపిండి, రెండు మూడు గంపల ఎర్రమట్టి, కాస్త ఇసుక కలిపి వెయ్యి. చౌడు తెల్లగా పేరుకుంటుంటే ఐదు కిలోల జిప్సం కూడా కలుపు. గుంటను నేల మట్టానికి ఆపకుండా అడుగు ఎత్తు దిబ్బలా పొయ్యి. వానలకు ఎలాగూ కుంగుతుంది. చెట్టుకు చెట్టుకు ఇరవై అడుగులు, ఇంటి గోడకు పదిహేను అడుగులు తగ్గకుండా చూడు. పైన కరెంటు తీగలు ఉండకూడదు. ఉసిరి కొయ్య పెళుసు, గాలికి కొమ్మ విరిగి పడుతుంది.

జూన్ చివర్లో రెండు మంచి వానలు పడ్డాక నాటు. అంటు మచ్చ మట్టిపైన కనీసం నాలుగు వేళ్ల ఎత్తులో ఉండాలి. వెదురు కర్ర పాతి వదులుగా కట్టు. మచ్చకు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లెయ్యి. వాటిని ఉపేక్షిస్తే పైనున్న మంచి రకం ఎండిపోయి కిందిది చెట్టవుతుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న సంగతికి వచ్చాను. ఉసిరి ఏడాదిలో ఎలా నడుచుకుంటుందో తెలియక మంచి మనసున్నవాళ్లే దాన్ని పాడుచేస్తారు. చలికాలం చివర్లో ఆకు రాలుతుంది. మనం ఆకు అనుకునేది నిజానికి సన్నటి రెమ్మ. దానికి రెండు వైపులా దగ్గరదగ్గరగా చిన్న ఆకులు ఉంటాయి. రాలేటప్పుడు ఆ రెమ్మలు కూడా రాలిపోయి బోడి కొమ్మలు, వాటి మీద చిన్న చిన్న గడ్డల్లాంటి కణుపులు మిగులుతాయి. కొత్త మొక్క అలా కనిపిస్తే చచ్చిపోయిందనుకుని పీకేస్తారు, లేదా రోజూ బకెట్లకొద్దీ నీళ్లు పోస్తారు. రెండూ చెయ్యకు. గోటితో బెరడు కొద్దిగా గీరి చూడు, లోపల పచ్చగా ఉంటే అది నిక్షేపంగా ఉన్నట్టే. ఆ కణుపులను గిల్లకు, గీకకు. కొత్త రెమ్మలు, పూత వచ్చేది వాటి నుంచే.

ఫిబ్రవరి, మార్చిలో చిగురుతో పాటు పూత వస్తుంది. కొత్త రెమ్మను చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడు. ఆకుల మొదళ్లలో ఆవగింజంత మగపూలు పసుపుపచ్చ గుత్తులుగా ఉంటాయి. ఆడపూలు కొన్ని రెమ్మల మీదే, అవీ చాలా కొద్దిగా కనిపిస్తాయి. నాలుగు రోజులకు మగపూలు రాలి చెట్టు కింద నేలంతా పసుపు పొడి చల్లినట్టవుతుంది. పూతంతా పోయిందని బెంగపడకు, అవి రాలాల్సినవే. పూత మీద ఉన్నప్పుడు కాపు చెట్టుకు నీళ్లు పెట్టవద్దు. పురుగుమందు అసలే కొట్టవద్దు, తేనెటీగలు రావాలి.

తర్వాత వచ్చేదే నాకు ఉసిరిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. మామిడిలోనైతే పూత రాలగానే పిందె కనిపిస్తుంది. ఉసిరిలో ఏమీ కనిపించదు. ఫలదీకరణ జరిగిన పువ్వు అడుగుభాగం, ఎదుగుదల ఆపేసి, ఎండాకాలమంతా అలాగే నిద్రపోతుంది. ఏప్రిల్, మే, జూన్ గడిచిపోతాయి. చెట్టు నిండా ఆకే. తొలకరి పడి గాలిలో తేమ పెరిగాక, జూలై, ఆగస్టులో ఉన్నట్టుండి కొమ్మల వెంబడి పిందెలు బయటపడతాయి. ఈ సంగతి తెలియనివాళ్లు మే నెలలోనే ఈ ఏడు కాపు లేదని తేల్చేసి పాదు ఎండగడతారు. లోపల పిందె ఉన్నది సరిగ్గా అప్పుడే. పూత అయిపోయాక ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా పది పదిహేను రోజులకొకసారి పాదు నిండా నీళ్లు పెట్టి, పైన ఎండుటాకులు మందంగా కప్పు. వాన మొదలయ్యాక ఆపెయ్యి.

మొదటి మూడేళ్ల లేత మొక్క లెక్క వేరు. ఎండాకాలంలో వారానికి ఒకసారి తప్పనిసరిగా నీళ్లు పెట్టు. పాదును కాండానికి ఆనించకుండా, అడుగు దూరంలో గుండ్రంగా తవ్వించు. ఏటా జనవరి చివర్లో ఎరువు వేసి ఒక తడి ఇవ్వు. మొదటి ఏడు పది కిలోలు, తర్వాత ఏటేటా పెంచుతూ పోవాలి.

కత్తిరింపులు మొదటి మూడేళ్లలోనే. కాండం రెండున్నర అడుగుల ఎత్తుకు వచ్చేదాకా పక్క కొమ్మలు తీసెయ్యి. ఆ పైన నాలుగు వైపులా, కాండానికి వెడల్పుగా విచ్చుకున్న నాలుగైదు కొమ్మలు ఉంచు. కాండానికి ఆనుకుని ఇరుకుగా పైకి లేచే కొమ్మను ఎంత బలంగా ఉన్నా ఉంచకు. రేపు కాయల బరువుకు మొదట చీలేది అదే. ఎన్‌ఏ-7 కొమ్మ కాపు నిండాక నేలదాకా వంగుతుంది. సెప్టెంబరులోనే పంగల కర్రలు సిద్ధం చేసుకుని కొమ్మలకు ఊతం పెట్టు.

తెగుళ్లకు భయపడాల్సిన చెట్టు కాదు. ఒక్క పురుగు మీద మాత్రం కన్నేసి ఉంచు. కొమ్మల పంగల దగ్గర రంపపుపొట్టు లాంటి గోధుమరంగు పొడి, సాలెగూడు లాంటి తీగలతో అల్లుకుని కనిపిస్తే అది బెరడు తినే పురుగు. ఆ పొట్టును గోనెసంచి ముక్కతో తుడిచేస్తే లోపల చిన్న బొక్క ఉంటుంది. సన్నటి ఇనుప తీగ గుచ్చి పురుగును చంపి, కిరోసిన్‌లో ముంచిన దూది పెట్టి, బంకమట్టితో మూసెయ్యి. పట్టించుకోకపోతే రెండేళ్లలో ఆ కొమ్మ ఎండుతుంది. వానాకాలంలో చిగురు కొసలు ఉబ్బి కాయలా అయితే ఉబ్బు కింది నుంచి కోసి కాల్చెయ్యి. కాయ కోసినప్పుడు గుజ్జులో గోధుమ, నలుపు మచ్చలు ఉంటే అది బోరాన్ లోపం. మరుసటి ఏడు సెప్టెంబరు, అక్టోబరుల్లో లీటరు నీటికి ఆరు గ్రాముల బోరాక్స్ కలిపి రెండు వారాల తేడాతో రెండు మూడుసార్లు పిచికారి చేస్తే పోతుంది.

కార్తీకం గురించి కూడా రాయాలి, ఎందుకంటే నీ పెరట్లో ఉసిరి ఉందని తెలిస్తే వీధంతా వస్తారు. రానివ్వు, చెట్టు పెట్టుకున్నది అందుకే. దీపం మాత్రం మొదలుకు ఆనించి పెట్టనివ్వకు, బెరడు పలచన, వేడికి చచ్చిపోతుంది. రెండడుగుల దూరంలో చిన్న అరుగు కట్టించు. క్షీరాబ్ధి ద్వాదశికి తులసి పక్కన పెట్టడానికి కొమ్మ అడిగితే నువ్వే కత్తెరతో కోసి ఇవ్వు. చేత్తో లాగితే బెరడు పొడవునా లేచిపోతుంది. వనభోజనానికి కూర్చునేవాళ్లకు చోటు కావాలి కదా, కింద పూలకుండీలు పేర్చకు. మొదటి రెండు మూడేళ్లు కొత్తిమీర, మెంతికూర చల్లుకోవచ్చు, ఉసిరి నీడ పలచగా ఉంటుంది.

కోత నవంబరు నుంచి జనవరి దాకా. ఆకుపచ్చ పోయి పసుపు కలిసిన లేతరంగు వచ్చి, కాయ మిలమిలలాడాలి. అనుమానముంటే ఒకటి కోసి చూడు, లోపలి గింజ తెలుపు పోయి గోధుమరంగులోకి వచ్చి ఉంటే పక్వానికి వచ్చినట్టు. కొమ్మ దులపకు. కిందపడిన కాయ కమిలి రెండు రోజుల్లో కుళ్లుతుంది, నిల్వ పచ్చడిలో అలాంటిది ఒక్కటి పడినా జాడీ అంతా బూజు పడుతుంది. పచ్చడికి నీ చేత్తో కోసిన కాయలే వాడు. తొక్కు పచ్చడి దంచేటప్పుడు రాతి రోలు మంచిది, ఇనుము తగిలితే నల్లబడుతుంది. కాయలు అందంగా ఉన్నాయని ఫిబ్రవరి దాకా చెట్టు మీదే ఉంచవద్దు. రాలిపోవడం ఒక నష్టం, తర్వాతి పూత దెబ్బతినడం ఇంకో నష్టం.

హైదరాబాదులో మిద్దె తోట పెంచుతున్న మీ చెల్లెలు కూడా అడిగింది. రెండు వందల లీటర్ల డ్రమ్మును సగానికి కోసి, అడుగున రంధ్రాలు పెట్టి, అంటు మొక్క పెట్టి ఏటా కత్తిరించుకుంటే బతుకుతుంది, కాస్తుంది కూడా. పచ్చడికి సరిపడా కాయలు మాత్రం ఆశించవద్దని చెప్పు.

మొక్కలు కొనేముందు అంటు మచ్చ కనిపించేలా ఫోటో తీసి నాకు పంపు, చూసి చెబుతాను. రెండు రకాల పేర్లూ రేకు ముక్కల మీద రాసి కర్రలకు కట్టు. నాలుగేళ్ల తర్వాత ఏది ఏదో నువ్వూ చెప్పలేవు. గుంటలు తవ్వే పని ఏప్రిల్ మొదటి వారం దాటనివ్వకు.

అల్లుడికి, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య