‘దేవుడు వద్దన్నాడు’ అని అమ్మతో అనకు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ వాళ్లం. నాకు 26 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ చదివి రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. నాకు ఐదేళ్లప్పుడు అమ్మ ఇంటి పనికి కువైట్ వెళ్లి పన్నెండేళ్లు అక్కడే ఉంది. నన్ను అమ్మమ్మ పెంచింది. 19వ ఏట నా అంతట నేనే నిర్ణయించుకుని మా కాలువలో బాప్తిస్మం తీసుకున్నాను. అప్పటిదాకా లేని తృప్తి, ధైర్యం అప్పుడు దొరికాయి. ఇప్పుడు అమ్మ వేరే సంఘం నడిపే పాస్టర్ గారి అబ్బాయి సంబంధం తెచ్చింది. కువైట్‌లో ఉండగానే నన్ను దేవుని సేవకు ఇస్తానని మొక్కుకుందట. ఉద్యోగం మానేసి సంఘం పనులు చూసుకోవాలని వాళ్ల షరతు. నాకు నా పని ఇష్టం. కాదంటే ‘రెక్కలు ముక్కలు చేసుకుని చదివించాను’ అని అమ్మ ఏడుస్తుంది. కళ్లు మూసుకుని మూడుసార్లు బైబిలు తెరిచాను, మూడు రకాలుగా వచ్చింది. దేవుడు వద్దన్నాడని చెప్పేస్తే అమ్మ ఊరుకుంటుందేమో. దేవుని చిత్తం ఎలా తెలుసుకోవాలి? అమ్మ అక్కడి నుంచి పంపిన గౌన్లు ఇంకా దాచుకున్నాను. ఒక్కటీ నాకు సరిపోలేదు, అన్నీ ఒక సైజు చిన్నవే.

జవాబు: నా కూతురి కన్నా చిన్నదానివి, నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు.

నువ్వు అడిగిన దానికి ముందు జవాబు చెప్పేస్తాను. బైబిలు చిలకజోస్యం పెట్టె కాదు. కళ్లు మూసుకుని తెరవడం ఇంతటితో మానెయ్యి. నీకేం కావాలో నీకు తెలుసు, ఉత్తరంలో నువ్వే రాశావు. ‘నాకు నా పని ఇష్టం’ అన్నావు. ఆ మాట నీ నోటితో అమ్మకు చెప్పడానికి భయపడి దేవుడి చేత చెప్పించాలని చూస్తున్నావు. ఆవిడా అదే చేస్తోంది. ‘నా దగ్గర ఉండు, నా మాట విను’ అనలేక మొక్కు పేరు చెబుతోంది. ఇద్దరూ ఆయన్ని మధ్యలో నిలబెట్టి మాట్లాడుకుంటున్నారు. ఆయన సంగతి పక్కన పెట్టి అమ్మ సంగతి చూద్దాం.

నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది చివరి వాక్యం. గౌన్లు. సమూయేలు తల్లి హన్నా కథ నీకు నేను చెప్పక్కర్లేదు. మొక్కుకుని కన్న బిడ్డను మందిరంలో వదిలిన తర్వాత ఆ తల్లి ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. ఏటేటా చూసింది కాబట్టి పిల్లాడు ఎంత ఎదిగాడో ఆమెకు తెలుసు. మీ అమ్మకు ఆ అదృష్టం లేదు. ఆమె కళ్లలో నువ్వు, తను కువైట్ వెళ్లేటప్పుడు చూసిన పిల్లవే. ఆ పిల్ల సైజుకే గౌన్లు కొంది, ఆ పిల్ల కోసమే మొక్కుకుంది. ఈ సంబంధం కూడా ఆ సైజుదే. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే 26 ఏళ్ల మనిషి ఎవరో ఆవిడకు ఇంకా సరిగా తెలియదు. తప్పు నీదీ కాదు, ఆవిడదీ కాదు. కోనసీమలో, నరసాపురం, పాలకొల్లు వైపు ఎన్ని ఇళ్లల్లో ఇదే కథో నాకు తెలుసు. గల్ఫ్ డబ్బుతో డాబా లేస్తుంది. తిరిగొచ్చిన తల్లికీ ఎదిగిన పిల్లకీ ఆ డాబాలో ఏం మాట్లాడుకోవాలో తెలియదు.

మొక్కు గురించి కూడా భయపడుతున్నావు. లేవీయకాండం 27వ అధ్యాయం ఒకసారి చదువు, ఈసారి కళ్లు తెరిచే. మనిషిని మొక్కుకుంటే వెల కట్టి విడిపించుకోవచ్చని అక్కడే ఉంది. 20 నుంచి 60 ఏళ్ల లోపు ఆడదానికి 30 తులాల వెండి. (మగవాడికి 50 అట. దాని మీద నాకు కోపం ఉంది, అది ఇంకో రోజు.) అంత పాత ధర్మశాస్త్రమే మొక్కుకున్న మనిషికి బయటికి దారి ఉంచింది.

ఇంకో మాట. నేను లూథరన్ కుటుంబంలో పుట్టాను. నెలల పిల్లగా ఉండగానే పాస్టర్ గారు నా తల మీద నీళ్లు పోశారు, నన్నెవరూ అడగలేదు. మీ పద్ధతి వేరు. 1836లో ఇంగ్లండు నుంచి మన దేశం వచ్చి, తర్వాత నరసాపురంలో స్థిరపడిన బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరల నాటి నుంచి మీ బ్రదరెన్ సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పెద్దలు నిన్నే కూర్చోబెట్టి, నువ్వే నమ్ముతున్నావా అని అడిగి ఉంటారు. నీ సాక్ష్యం నువ్వే చెప్పి ఉంటావు. అంత పెద్ద విషయంలో అమ్మ కానీ అమ్మమ్మ కానీ నీ తరఫున ‘అవును’ అనడానికి వీల్లేదన్నారు కదా. మరి పెళ్లి దగ్గరికి వచ్చేసరికి నీ నోరు ఎందుకు పడిపోయింది? ఆ రోజు దొరికిన ధైర్యం కాలువ గట్టు దాకేనా?

నర్సు పని మానేస్తేనే సేవ అన్న మాట నాకు మింగుడు పడదు. ఆ బౌడెన్ రాతి పని చేసినవాడు, బీర్ చెప్పులు కుట్టినవాడు. పౌలు డేరాలు కుట్టాడు. రోగి మంచం ఎత్తు సరిచేసి, సెలైన్ చూసి, అటెండర్ రాకపోతే పక్క బట్టలు నువ్వే మార్చిన రాత్రి సేవ కాకపోతే మరేమిటి?

అలాగని అమ్మ చాకిరీని తేలిగ్గా తీసుకోకు. ఈ కాలం పిల్లలు ‘నన్ను కనమని నేనడిగానా’ అంటున్నారు, నాకు ఒళ్లు మండుతుంది. పరాయి దేశంలో పరాయి పిల్లలకు అన్నం పెడుతూ తన పిల్లను ఫోన్‌లో పెంచిన మనిషి ఆవిడ. ఆవిడ ముసలితనం నీ బాధ్యతే, ఈ పెళ్లి చేసుకున్నా చేసుకోకపోయినా. జీతం అందగానే కొంత ఆవిడ ఖాతాలో వెయ్యి, అడిగించుకోకు. మోకాళ్ల నొప్పులంటే రాజమండ్రి తీసుకొచ్చి నువ్వే చూపించు. బాకీ అనుకుంటే అలా తీర్చు. నిన్నే తీసుకెళ్లి చెల్లు రాయకు.

అబ్బాయి వాళ్లను ఇంకా నాన్చడం మర్యాద కాదు. అమ్మతో మాట్లాడాక ఆ వారమే కబురు పంపండి. ఆ అబ్బాయి తప్పేమీ లేదు కాబట్టి కారణాలు వెతకొద్దు. ‘మా అమ్మాయి ఉద్యోగం మానదండీ’ అంటే చాలు.

రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లు. వెళ్లేటప్పుడు ఆ గౌన్లలో ఒకటి బ్యాగులో పెట్టుకో. రాత్రి అన్నాలయ్యాక అమ్మ ముందు పరిచి, ఇది ఎక్కడ కొన్నావు, ఎవరి చేత పంపావు అని అడుగు. ఆవిడ చెప్పినంతసేపూ విను, తెల్లారినా సరే. సంబంధం మాట ఆ రాత్రి ఎత్తకు. పొద్దున టీ తాగేటప్పుడు చెప్పు, ‘అమ్మా, నాకు ఇష్టం లేదు’ అని.